చదువైతేనే ఆట అనే వాళ్ళకు

"ముందు చదువు దారిలో పడనీండి, ఆటల సంగతి తర్వాత చూద్దాం." బడి మానేసిన పిల్లల ఊసు ఎక్కడ వచ్చినా ఈ మాటే ముందుకొస్తుంది. అమ్మానాన్నలు అంటారు, పంతుళ్ళు అంటారు, ఆ పిల్లల మేలు కోరి సాయంత్రాలు ట్యూషన్లు చెప్పే సంఘాల వాళ్ళూ అంటారు. అండమాన్‌లోని మన బ్రూక్షాబాద్‌లో శ్రీకాకుళం వాళ్ళ నోట ఇంకా సూటిగా వస్తుంది: "ఆటలేటి, కూడెడతాయేటి?" ఈ మాట అనేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. పిల్లల మీద ప్రేమ ఉన్నవాళ్ళే. అందుకే ఇంతకాలం దీనికి ఎవరూ అడ్డు చెప్పలేదు. నేను చెబుతున్నాను. మామూలు బడికి దూరమైన పిల్లల విషయంలో ఈ వరస తప్పు. వాళ్ళకు ఆట ముందు రావాలి, రోజూ రావాలి, చదువుతో ముడిపెట్టకుండా రావాలి.

ఎవరీ పిల్లలు? ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో బడి వదిలేసి జెట్టీ దగ్గర చేపల పనికి పోయే కుర్రాళ్ళు. ఇంట్లో చంటిబిడ్డ పుట్టిందని నిలిచిపోయిన ఆడపిల్లలు. పదో తరగతి తప్పి ఓపెన్ స్కూల్లో పేరు రాయించుకున్నవాళ్ళు. మానసిక ఎదుగుదల తక్కువని బడి వద్దంటే ఇంట్లోనే కూర్చున్నవాళ్ళు. సంరక్షణ గృహాల్లో పెరుగుతున్నవాళ్ళు. అయ్య మేస్త్రీ పని కోసం ఓడెక్కి వస్తే ఆయన వెంట చదువు మధ్యలో తెగ్గొట్టుకుని వచ్చినవాళ్ళు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి పదముగ్గురు తెలుగును మాతృభాషగా రాయించుకున్నారు. ఉత్తరాంధ్ర నుంచి సముద్రం దాటి వచ్చిన కుటుంబాలు తరతరాలుగా ఇక్కడే ఉన్నాయి, ఇప్పటికీ కొత్తవాళ్ళు వస్తూనే ఉన్నారు. అక్కడ తెలుగులో చదివి ఇక్కడ హిందీ మాట్లాడే తరగతిలో కూర్చున్న పిల్లవాడు మొదటి నెలలోనే మూగవాడవుతాడు. ఆరో నెలకు బడికి రావడం మానేస్తాడు. ఇందులో తెలివి తక్కువతనం ఏమీ లేదు.

ఇప్పుడు ఆ "తర్వాత" అనే మాట సంగతి చూద్దాం. అండమాన్‌లో గడియారం మెయిన్‌లాండ్‌ది, ఎండ మాత్రం మనది. దేశమంతటికీ ఒకే సమయం కాబట్టి తూర్పు చివర ఉన్న మనకు వేసవిలో తెల్లవారుజామున అయిదింటికే వెలుగొస్తుంది, చలికాలంలో సాయంత్రం అయిదింటికే పొద్దు వాలిపోతుంది. మూడింటికో నాలుగింటికో పని నుంచి వచ్చిన కుర్రాణ్ణి ట్యూషన్లో కూర్చోబెట్టి, పాఠం ఒప్పజెప్పాక ఆడుకో అంటే అతను బయటికొచ్చే వేళకు బంతి కనపడదు. దానికి తోడు వాన. నైరుతి రుతుపవనాలూ మనవే, ఈశాన్య రుతుపవనాలూ మనవే. మే నుంచి డిసెంబరు దాకా ఆకాశాన్ని నమ్మలేం. ఇలాంటి చోట "చదువు తర్వాత ఆట" అంటే ఆచరణలో "ఆట లేదు" అనే అర్థం. ఆ నియమం పెట్టినవాళ్ళు ఈ దీవిలోనే పుట్టి పెరిగారు, వాళ్ళకీ సంగతి తెలియదని నేననుకోను. ఆట లేకపోతే పోయేదేముంది అనుకున్నారు, అంతే.

పోయేది చాలా ఉంది. పద్నాలుగేళ్ళ కుర్రాణ్ణి ఊహించుకోండి. డింగీలో ఇంజను తాడు లాగగలడు, పోటు ఎప్పుడో పాటు ఎప్పుడో చెప్పగలడు, సూరమీను ముక్కలు కోసి బేరం చేసి చిల్లర సరిగ్గా లెక్కపెట్టి ఇవ్వగలడు. వాణ్ణి తీసుకొచ్చి పదేళ్ళ పిల్లల మధ్య బల్ల మీద కూర్చోబెడతాం. మోకాళ్ళు బల్ల కింద పట్టవు. మీసం నూగు కనిపించకుండా తల వంచుకుంటాడు. వాక్యం చదవమంటే గొంతు పెగలదు, వెనక నుంచి కిసుక్కుమని ఒక నవ్వు. వాడికి తెలిసినదేదీ ఆ గదిలో చెల్లదు, రానివన్నీ అందరి ముందూ బయటపడతాయి. మర్నాడు వాడు రాడు. మనం రిజిస్టర్లో గైర్హాజరు వేసి, "వీడికి చదువు మీద శ్రద్ధ లేదు" అంటాం.

అదే కుర్రాణ్ణి ఉదయం అయిదున్నరకు చెడుగుడు బరిలో నిలబెట్టండి. ముప్ఫై సెకన్ల కూత, ఒక్క ఊపిరి. అవతల ఏడుగురు. ఎవరు ఏ మూల ఉన్నారో, ఎవరి కాలు ముందుకుందో చూసుకోవాలి. గీత దాటిందా లేదా అన్నది రిఫరీ చెబుతాడు, ఒప్పుకోవాలి. ఇక్కడ వాడి వయసు అడ్డం కాదు, అక్కరకొస్తుంది. ఆ ఆటలో ఇంకో నియమం ఉంది, నన్నడిగితే చదువు చెప్పే ప్రతి కేంద్రం గోడ మీద రాసి పెట్టుకోవలసినది. అవుటైనవాణ్ణి ఇంటికి పంపరు. పక్కన వరసలో కూర్చోబెడతారు. తన జట్టువాడు పాయింటు తెస్తే ముందు అవుటైనవాడు ముందు లేచి మళ్ళీ బరిలోకి వస్తాడు. బయటికి పోవడం, తిరిగి రావడం రెండూ ఆటలో భాగమేనని ఆ పిల్లలకు ఉపన్యాసం చెప్పి నమ్మించలేం. రోజూ నాలుగుసార్లు అవుటై నాలుగుసార్లు లేచినవాడికి చెప్పాల్సిన పనే ఉండదు.

పోనీ చదువుకే నష్టమా? అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ హిల్‌మన్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. తొమ్మిది పదేళ్ళ పిల్లల్ని ఇరవై నిమిషాలు నడిపించాక పరీక్ష పెట్టారు. ఊరికే కూర్చుని రాసిన రోజు కంటే నడిచి వచ్చి రాసిన రోజు దృష్టి నిలిచింది, చదివింది అర్థం చేసుకోవడం మెరుగైంది. చిన్న ప్రయోగమే, పిల్లలు ఇరవై మందే. దాని మీద కోటలు కట్టమనడం లేదు. కానీ ఆట చదువు సమయాన్ని తినేస్తుందని బల్లగుద్ది చెప్పేవాళ్ళు తమ వైపు ఈపాటి ఆధారమైనా చూపించాలి కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో అయిదు నుంచి పదిహేడేళ్ళ వాళ్ళకు రోజుకు సగటున అరవై నిమిషాల చురుకైన శారీరక శ్రమ అవసరమని చెప్పింది. బడిలో ఉన్న పిల్లలకని చెప్పలేదు. పిల్లలందరికీ అని చెప్పింది. జెట్టీలో బుట్టలు మోసేవాడికి ఒళ్ళు ఎలాగూ అలుస్తోంది కదా అంటారు కొందరు. మోయడం అలుపు తెస్తుంది, ఆటకయితే ఒక నియమం ఉంది, ఒక జట్టు ఉంది, సాటివాడి మెచ్చుకోలు ఉంది. రెండూ ఒకటని పనిలో పెట్టుకున్న యజమాని అనవచ్చు. మనం అనకూడదు.

ఈ వాదంలో నాకు అన్నిటికంటే కష్టం కలిగించేది ఆటను శిక్షగా లాగేసుకోవడం. "లెక్కలు చేయలేదా, ఈ రోజు ఆట బంద్." పంతులు దగ్గర మరో ఆయుధం లేదు, నిజమే. అయితే ఈ శిక్ష ఎవరికి ఎక్కువసార్లు పడుతుంది? వెనకబడినవాడికి, కుదురుగా కూర్చోలేనివాడికి, రాత్రి వల వేసి వచ్చి నిద్రమత్తులో ఉన్నవాడికి. ఎవరికి ఆట అందరికంటే అవసరమో వాడికే అందరికంటే తక్కువ దక్కుతుంది. మూడు రోజులు వరసగా ఆట పోగొట్టుకున్నవాడికి నాలుగో రోజు అక్కడికి రావడానికి కారణమే మిగలదు.

"అందరూ దీప్తి జీవాంజీలవుతారా?" అని అడుగుతారు. ఈ ప్రశ్నకు నిదానంగా జవాబు చెప్పాలి. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి. పుట్టుకతో మానసిక వైకల్యం. ఊళ్ళో పిచ్చిదనీ కోతి అనీ పిలిచేవారని కన్నవాళ్ళే చెప్పుకుని బాధపడ్డారు. ఆ పిల్ల పరుగు ఊళ్ళో బడి వ్యాయామ ఉపాధ్యాయుడి కంటపడింది, తర్వాత కోచ్ నాగపురి రమేష్ చేతికి వచ్చింది. 2024 మే నెలలో జపాన్‌లోని కోబేలో మానసిక వైకల్యం ఉన్నవాళ్ళ టీ20 విభాగంలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కంచు పతకం. ఆ పీఈటీ "ముందు ఎక్కాలు రానీ, తర్వాత పరిగెత్తుదువు గాని" అని ఉంటే ఈ అంకెలు ఏవీ లేవు. ఇక అందరూ దీప్తి అవుతారా అంటే, కారు. కానక్కర్లేదు. ఆమెతో పాటు ఆ నేల మీద పరిగెత్తి ఏ పోటీలోనూ గెలవని పిల్లలు ఎంతో మంది ఉండి ఉంటారు. పొద్దున్నే ఎవరో తమ పేరు పిలిచారు, తమ పరుగును గడియారం పెట్టి కొలిచారు, నిన్నటికంటే అర సెకను తగ్గిందని భుజం తట్టారు. వాళ్ళ కోసమే నా వాదన. దీప్తి కోసమైతే వాదించనక్కర్లేదు, ఆమె గెలిచేసింది.

మన దీవుల్లోనే ఈ పతకాల చూపు ఇంకోరకంగా అడ్డం వస్తుంది. 2004 సునామీ నాటికి డెబోరా హెరాల్డ్ తొమ్మిదేళ్ళ పిల్ల, కార్ నికోబార్‌లో ఉంది. చెట్టు పట్టుకుని రోజుల తరబడి బతికింది. ఆ పిల్లే పెద్దయ్యాక సైకిలెక్కి 2015లో 500 మీటర్ల టైమ్ ట్రయల్‌లో ప్రపంచ నాలుగో ర్యాంకుకు చేరింది. ఈసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండ్‌లోని ఏగల్‌లో ప్రపంచ జూనియర్ ట్రాక్ సైక్లింగ్ కేరిన్ పోటీలో వెండి పతకం గెలిచాడు. వీళ్ళ పేర్లు చెప్పి గర్వపడని అండమాన్ మనిషి ఉండడు. నేనూ గర్వపడతాను. కానీ ఈ గర్వం నుంచి మనం లాగిన పాఠం ఏమిటంటే "సత్తా ఉన్నవాణ్ణి ఏరుకుందాం, మిగతావాళ్ళు చదువు చూసుకుంటారు" అని. మిగతావాళ్ళు చదువు చూసుకోవడం లేదన్నదే కదా మొదటి సమస్య! చదువు వదిలేసినవాడికి ఆటలోనూ సత్తా లేదని రెండోసారి చెప్పి పంపేస్తే వాడిక ఎక్కడికి వెళ్ళాలి?

ఆట ముందు పెడితే చదువు వెనక రాదనేవాళ్ళు జార్ఖండ్ వైపు చూడాలి. రాంచీ దగ్గర ఓర్మాంఝీలో యువా అనే సంస్థ 2009లో పల్లెటూరి ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడంతో మొదలైంది. 2013లో ఆ పిల్లల జట్టు స్పెయిన్‌లో గాస్టైజ్ కప్‌లో మూడో స్థానం తెచ్చుకుంది. రోజూ ఆటకు వచ్చే పిల్లలు చదువులోనూ సాయం అడగడంతో తరగతులు పుట్టాయి, 2015లో బడే పెట్టారు. బంతి ముందు, బడి తర్వాత. మన తెలుగు నేల మీద దీనికంటే పాత ఉదాహరణ ఉంది. శాంతా సిన్హా నడిపించిన ఎం.వి. ఫౌండేషన్ 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లాలో పనిపిల్లల్ని పొలాల నుంచి, గొడ్ల దగ్గర నుంచి శిబిరాలకు తెచ్చి బడికి సిద్ధం చేసింది. బడిలో లేని ప్రతి పిల్లా పనిపిల్లేనన్నది వాళ్ళ సూత్రం. ఆ శిబిరాల్లో తొలి రోజుల్లో పాటకూ ఆటకూ కథకూ ఉన్న చోటు పలకకు ఉండేది కాదు. ఆ పని చేసిన మనిషికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్ తొలి అధ్యక్షురాలయ్యారు. ఆవిడ చదువును తేలిక చేశారని ఎవరైనా అనగలరా? అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ప్రత్యేక అవసరాల పిల్లల బడులనూ స్పోర్ట్స్ విలేజీనీ ఒకే చేత్తో నడుపుతోంది. చదువా ఆటా అన్న తగువు అక్కడ వినపడదు.

ఇక్కడ నా వైపు నిలబడే కొందరితోనూ నాకు పేచీ ఉంది. బంతి పడేస్తే చాలు, క్రమశిక్షణ దానంతట అదే వస్తుంది, తాగుడు మానేస్తారు, గొడవలు ఆగుతాయి అని వాళ్ళంటారు. అది నిజం కాదు. క్రీడల పరిశోధకుడు ఫ్రెడ్ కోల్టర్ ఈ తరహా కార్యక్రమాలను ఏళ్ళ తరబడి పరిశీలించి చెప్పింది ఇదే: ఆట ఒక్కటే ఏమీ చేయదు. ఎవరు ఆడిస్తున్నారు, పిల్లలతో ఎలా మాట్లాడుతున్నారు, ఆట చుట్టూ ఇంకేం ఉంది అన్నదాని మీద ఫలితం ఆధారపడుతుంది. పెద్దవాడు చిన్నవాణ్ణి తిడుతూ, రిఫరీని తోస్తూ ఆడే ఆట పిల్లల్ని పాడే చేస్తుంది. అందుకని నేను అడుగుతున్నది ఖాళీ స్థలాన్ని కాదు, దాన్ని నడిపే మనిషిని. పిల్లల పేర్లు తెలిసిన, ఎవరు రాలేదో గమనించే, రాని పిల్ల ఇంటికి వెళ్ళి "ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?" అని అడిగే పీఈటీని.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. బడి మానేసిన అబ్బాయికి కనీసం వీధి ఉంది, సముద్రపు ఒడ్డు ఉంది. అమ్మాయికి ఇల్లు, కుళాయి, దుకాణం. అంతకు మించి అడుగు పెడితే ఎవరైనా "ఏటమ్మా ఇటొచ్చావ్?" అని నిలదీస్తారు. ఆమెకు ఉదయం గంట ఆట అంటే ఇంటి బయట తనదంటూ ఒక చోటు. పెద్దవాళ్ళు ఒప్పుకోరంటారు. అడిగే పద్ధతి ఒకటుంది. ఆడించేది ఆడమనిషి అయితే, వేళ తప్పకపోతే, తల్లి వచ్చి చూడవచ్చంటే, ఒప్పుకునే ఇళ్ళు చాలానే ఉన్నాయి. మొదటి రోజే పొట్టి నిక్కర్లు వేయించాలని పట్టుబట్టక్కర్లేదు. సల్వారులోనూ ఖోఖో ఆడవచ్చు, తాడాట ఆడవచ్చు.

డబ్బు, స్థలం అంటారా. బ్రూక్షాబాద్ గుట్టల మీద చదునైన చోటు దొరకడం కష్టమే. ఫుట్‌బాల్ మైదానం అడిగితే దొరకదు. కబడ్డీ బరి అడగండి, పదమూడు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. పిల్లలకైతే అంతకంటే చిన్నదీ సరిపోతుంది. వాన రోజు కమ్యూనిటీ హాల్లో తాడాట, యోగా, క్యారమ్స్. సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు ఏటా 5,000 రూపాయలు, ప్రాథమికోన్నతకు 10,000, ఆపై తరగతుల బడికి 25,000 దాకా ఆటవస్తువుల గ్రాంటు ఉంది. ఆ డబ్బు బడి పేరు మీద వస్తుంది. బడి వదిలిన పిల్లవాడి పేరు మీద ఒక్క రూపాయి రాదు. మన దీవుల బడులు నడిచేది సీబీఎస్ఈ పద్ధతిలో. ఆ బోర్డు 2018 నుంచి తొమ్మిది మొదలు పన్నెండు దాకా రోజుకో పీరియడ్ ఆరోగ్య వ్యాయామ విద్యకు తప్పనిసరి చేసింది. లోపలున్నవాడికి రోజుకో పీరియడ్, గేటు దాటినవాడికి శూన్యం. ఓపెన్ స్కూల్లో చేరితే పుస్తకాలు వస్తాయి, పరీక్ష తేదీ వస్తుంది, పీఈటీ సారు రాడు.

ఇది దయతో చేసే ధర్మం కూడా కాదు. భారతదేశం 1992లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ఆటను ప్రతి బిడ్డ హక్కుగా చెప్పింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం సంరక్షణ గృహాల్లో ఆటలు ఉండాలంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం క్రీడలను వాళ్ళ హక్కుల్లో చేర్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడి మానేసిన పిల్లలకు ప్రత్యేక శిక్షణ ఇచ్చి వయసుకు తగ్గ తరగతిలో చేర్చమంది, బడికి ఆటస్థలం ఉండాలనీ చెప్పింది. ఆ ప్రత్యేక శిక్షణలో రోజూ మొదటి గంట ఆటకు ఇస్తే చట్టానికి వచ్చే నష్టం ఏమీ లేదు. ఇవ్వకపోవడానికి అడ్డం మన అలవాటే.

బ్రూక్షాబాద్‌లోనూ, చుట్టుపక్కల పేటల్లోనూ సంక్రాంతికీ ఉగాదికీ టోర్నమెంట్లు పెట్టే తమ్ముళ్ళకు ఒక విన్నపం. మీరు కప్పులు కొంటారు, బ్యానర్లు కట్టిస్తారు, మైకులు తెస్తారు. ఆ ఖర్చులో సగం పక్కన పెట్టి, రిటైరైన పీఈటీ ఒకరినీ, ఆడపిల్లల కోసం ఆటలు తెలిసిన అమ్మాయి ఒకర్తినీ నెల జీతానికి పెట్టండి. మీ పేటలో బడి మానేసిన పిల్లల పేర్లు ఇల్లిల్లూ తిరిగి రాయండి. ఓపెన్ స్కూల్ వాళ్ళనూ, ఇంట్లో కూర్చోబెట్టిన ప్రత్యేక అవసరాల పిల్లల్నీ వదలకండి. ఉదయం అయిదున్నర నుంచి ఆరున్నర దాకా, పనులకు వెళ్ళే ముందు, రోజూ ఆడించండి. ఆ గంటలో మార్కుల గురించి అడగకండి, పాఠం రాలేదని ఎవరినీ ఆట నుంచి పంపేయకండి. చదువు చెప్పే టీచరమ్మ కూడా ఆ గంట అక్కడే ఉండి పిల్లల పేర్లు నేర్చుకోవాలి. ఆరు నెలలు ఇలా నడిపాక ఎంతమంది పుస్తకం పట్టారో మీరే లెక్క తీయండి. అప్పటికీ "ముందు చదువు" అనే మాట మీద నిలబడే పెద్దలుంటే, ఆ లెక్క చేతిలో పెట్టుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళి మాట్లాడదాం. నేనూ వస్తాను.